బొమ్మ చేతులు మారాలి

బొమ్మల దుకాణాలు మూతపడుతున్నాయని నగరంలో చాలామంది బాధపడుతున్నారు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళిన దుకాణానికి తాళం పడిందనీ, ఆ చోట ఇప్పుడు కాఫీ షాపో, మొబైల్ షోరూమో వెలిసిందనీ, తమ బాల్యమే మూతపడినట్టుందనీ రాసుకుంటున్నారు. ఆ బాధ నిజమైనదే. దాన్ని వెక్కిరించాలన్న ఉద్దేశం మాకు లేదు. కానీ ఆ మాటలు చదివినప్పుడల్లా హాస్టల్ అన్నం తిని పెరిగిన మాకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. తలుపులు తెరిచి ఉన్న రోజుల్లో ఆ దుకాణంలో మనం ఎప్పుడైనా అడుగుపెట్టామా? మూతపడిన ఆ బాల్యం ఎవరిది?

మిత్రులారా! హాస్టల్లో చేరిన రోజున మన ట్రంకు పెట్టెలో ఏమేం ఉన్నాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. రెండు జతల బట్టలు, పళ్ళెం, గ్లాసు, సబ్బుపెట్టె, దుప్పటి, అమ్మ కట్టిచ్చిన సకినాలు. మూడో తరగతిలో చేరే ఎనిమిదేళ్ళ పిల్లవాడి పెట్టెలో బొమ్మ మాత్రం లేదు. అమ్మానాన్నలకు ప్రేమ లేక కాదు. కూలి డబ్బులు ఉప్పుకూ పప్పుకూ సరిపోయాక మిగిలితే కదా బొమ్మ సంగతి! మన బొమ్మల దుకాణం ఏడాదికొకసారి వచ్చేది. ఊళ్ళో వాళ్ళకు జాతర, పట్నంలో వాళ్ళకు బోనాలు. మరీ అదృష్టం బాగుంటే నాంపల్లి నుమాయిష్. 1938లో మొదలైన ఆ నుమాయిష్‌లో కూడా మనలో చాలామంది చూసి వచ్చారే గాని కొని తెచ్చుకున్నది తక్కువ. మిగతా సంవత్సరమంతా తాటికాయల బండి, జొన్నదంటు బండి, పాత సైకిల్ టైరు, గోటీలు, చిర్రగోనె.

అందుకే ఈ విషయం మీద మన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలనిపించింది.

అప్పు మింగిన దుకాణం

బొమ్మల దుకాణాలు ఎందుకు మూతపడుతున్నాయి? పిల్లలు ఫోన్లకు అలవాటు పడ్డారు కాబట్టి అని అందరూ చెప్పే జవాబు. అది సగం నిజం. మిగతా సగం తెలియాలంటే అమెరికాలోని 'టాయ్స్ ఆర్ అస్' కథ చూడాలి. 1948లో చార్లెస్ లాజరస్ అనే యువకుడు పసిపిల్లల మంచాలు, ఉయ్యాలలు అమ్మడానికి పెట్టిన దుకాణం అది. తర్వాత బొమ్మలకు ప్రపంచంలోనే పెద్ద పేరైంది. 2005లో మూడు పెట్టుబడి సంస్థలు కలిసి దాన్ని సుమారు 660 కోట్ల డాలర్లకు కొన్నాయి. అందులో ఎక్కువ భాగం అప్పు. ఆ అప్పును దుకాణం నెత్తినే పెట్టారు. ఏటా వడ్డీలకే కోట్ల డాలర్లు పోతుంటే కొత్త దుకాణాలకూ, ఆన్‌లైన్ పోటీకీ పెట్టడానికి డబ్బు ఎక్కడిది? 2017 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది. 2018 జూన్ చివరికి అమెరికాలో మిగిలిన 700కు పైగా దుకాణాలు మూతపడ్డాయి. 30 వేల మందికి పైగా కార్మికులు రోడ్డున పడ్డారు. పరిహారం కోసం వాళ్ళు నెలల తరబడి ఆందోళన చేసిన తర్వాత, ఆ మూడు సంస్థల్లో రెండు కలిసి 2 కోట్ల డాలర్ల నిధి ఇచ్చాయి.

ఆ రోజుల్లో ఆ దుకాణం గుర్తుగా ఉన్న జిరాఫీని తలచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎందరో. క్యాష్ కౌంటర్‌లో పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషిని తలచుకున్నవాళ్ళు ఎందరు? ప్రపంచీకరణలో దుకాణం మూతపడటం మనకు కనిపిస్తుంది, దాని వెనుక లెక్కల పుస్తకం కనిపించదు.

ఇక మన నగరం సంగతి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో ఇప్పుడు మెట్రో నడుస్తోంది. రోడ్డుకు అటూ ఇటూ నగల షోరూములు, బట్టల షోరూములు, హోటళ్ళు. అలాంటి చోట పది రూపాయల బొంగరం, ఇరవై రూపాయల బంతి అమ్మి అద్దె కట్టగలిగే చిన్న వ్యాపారి ఎవరు? అలాగని బొమ్మల వ్యాపారం చచ్చిపోలేదు. 1760లో లండన్‌లో పుట్టిన హామ్లీస్ కంపెనీని 2019లో రిలయన్స్ కొనేసింది. బొమ్మ వీధి మలుపు నుంచి మాల్‌లోకి వెళ్ళింది. వీధి దుకాణంలో అయితే కొనకపోయినా అద్దంలోంచి చూడనిచ్చేవారు. మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డును దాటి లోపలికి వెళ్ళాలంటే బస్తీ పిల్లవాడికి కాళ్ళు వణుకుతాయి.

సర్కారు చేసిన మార్పులు కూడా కొన్ని ఉన్నాయి. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని బొమ్మలు అమ్మకూడదన్నారు. పిల్లల నోట్లోకి విషపు రంగులు పోకూడదంటే ఆ మార్కు కావలసిందే, కాదనం. కానీ చవక బొమ్మ ధర పెరిగినప్పుడు ముందుగా కొనడం మానేసేది ఎవరో మనకు వేరే చెప్పాలా?

బొమ్మలు తయారయ్యే కొండ

తెలుగులో 'బొమ్మ' భలే మాట. ఆడుకునేదీ బొమ్మే, కాగితం మీద గీసేదీ బొమ్మే, తెర మీద ఆడేదీ బొమ్మే. "బొమ్మ పడిందా?" అంటే సినిమా మొదలైందా అని. "బొమ్మ అదిరింది" అంటే సినిమా బాగుందని. ఆ లెక్కన ఫిల్మ్‌నగర్ మన తెలుగువాళ్ళ బొమ్మల ఊరు. చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లగా హైదరాబాదుకు తరలివస్తున్న కాలంలో, 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు. రాళ్ళ గుట్టల మీద బంగళాలు లేచాయి. సెట్లు వేసే వడ్రంగులు, రంగులు వేసేవాళ్ళు, లైట్‌మెన్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, అమ్మలు కృష్ణానగర్ ఇరుకు గదుల్లో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో కాపురాలు పెట్టారు. సినిమాలో డబ్బున్న పిల్లవాడి గది చూపించాలంటే గోడ నిండా బొమ్మలు పేరుస్తారు. ఆ గోడకు మేకులు కొట్టిన మనిషి ఇంట్లో పిల్లవాడు ఏంతో ఆడుకుంటున్నాడో ఏ సినిమాలోనూ కనబడదు.

మాలో చాలామందిమి డిగ్రీ, పీజీ చదువుతూ పెళ్ళిళ్ళ సీజన్‌లో కేటరింగ్ పనికి వెళ్ళినవాళ్ళమే. జూబ్లీహిల్స్‌లో పుట్టినరోజు ఫంక్షన్లకు కూడా వెళ్ళాం. ప్లేట్లు తీస్తూ తీస్తూ ఒక మూల చూస్తే, మన ఎత్తున గిఫ్టు ప్యాకెట్ల గుట్ట. వాటిలో సగం ఆ రాత్రి విప్పరు. కొన్ని ఎప్పటికీ విప్పరేమో కూడా.

కానీ అక్కడే మేము ఇంకో సంగతి కూడా గమనించాం. ఆ బొమ్మలు ఆ ఇంట్లోనే ఆగిపోవు. బాబు పెద్దవాడయ్యాక పక్కన పెట్టిన కారును పనిచేసే అమ్మకు ఇస్తారు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని సాయంత్రం కొండ దిగుతుంది. చక్రం ఒకటి ఊడిన ఆ కారుకు బస్తీలో పిల్లలు సీసా మూత బిగిస్తారు. చెయ్యి విరిగిన బొమ్మకు పుల్ల కడతారు. వాళ్ళు ఆడాక అది పక్కింటి చిన్నదానికి పోతుంది. మన హాస్టల్‌కు అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళను అడగండి, కథలు కథలుగా చెబుతారు. అంటే బొమ్మల దుకాణం గడప తొక్కని పిల్లలకు కూడా ఆ దుకాణంతో ఒక బంధుత్వం ఉంది. మెట్టు మెట్టు దిగి బొమ్మ వాళ్ళ దాకా వచ్చేది.

ఇప్పుడు తెగుతున్నది ఆ దారి. బంగళాలో పిల్లవాడి ఆట ట్యాబ్‌లోకి పోయింది. ట్యాబ్‌లో ఆటకు పాస్‌వర్డ్ ఉంటుంది, అది కొండ దిగి రాదు. ఎప్పుడైనా పాత ఫోన్ దిగివస్తుంది. అది వచ్చిన ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఒకడు ఆడతాడు, ముగ్గురు చూస్తారు. బొమ్మ చేతులు మారుతుంది, ఫోన్‌లో ఆట చేతులు మారదు. బొమ్మల దుకాణాలు పోవడంలో మనకు జరుగుతున్న నష్టం ఇదీ. దీని గురించి ఎవరూ రాయరు, మనమే రాసుకోవాలి.

మన జ్ఞాపకాలకూ ఒక తీపి ఉంది

ఇక్కడ మన వాళ్ళతో కూడా ఒక పేచీ ఉంది. ప్రతి వార్షికోత్సవంలో వేదిక ఎక్కిన పెద్దలు, "మాకు బొమ్మల్లేవు, తాటికాయలతో ఆడుకున్నాం, అయినా పైకొచ్చాం" అంటారు. మనం చప్పట్లు కొడతాం. ఆ మాటలో ఆత్మాభిమానం ఉంది, దానికి మా నమస్కారం. తాటికాయల బండి చెయ్యడంలో ఉన్న తెలివి ఏ కొన్న బొమ్మకూ తీసిపోదు. కానీ లేమిని అలంకారం చేసుకుంటే అది తర్వాతి వాళ్ళకు కూడా లేకుండా పోతుంది. బొమ్మలుండి కూడా తాటికాయల బండి చేసుకోవడం వేరు, ఏమీ లేక చేసుకోవడం వేరు. పైగా వేదిక మీదికి వచ్చేది పైకొచ్చినవాళ్ళే. మధ్యలో హాస్టల్ వదిలి పనుల్లోకి వెళ్ళిన మన పక్క మంచం మిత్రులు వార్షికోత్సవానికి రారు, వాళ్ళ లెక్క ఎవరూ తీయరు.

ఆట దయతో ఇచ్చేది కాదు, హక్కు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పిల్లలకు విశ్రాంతి, ఆట హక్కులని చెప్పింది. 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడిలో ఉండవలసిన వాటిలో లైబ్రరీతో పాటు ఆట సామగ్రి కూడా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక బొమ్మలతోనే పాఠాలు చెప్పాలని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కూడా వేసింది. ఇవన్నీ బడి గంటల మాటలు. సాయంత్రం 5 తర్వాత, ఆదివారం పొద్దంతా పిల్లవాడు ఉండేది హాస్టల్లో కదా!

తెలంగాణలో 2024లో హాస్టల్ మెస్ చార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. కాస్మెటిక్ చార్జీలు కూడా పెరిగాయి. ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులు అడిగిన తర్వాత వచ్చిన పెంపు అది, సంతోషమే. అందులో అన్నానికి లెక్క ఉంది, సబ్బుకూ నూనెకూ లెక్క ఉంది. బొమ్మకంటూ ఒక పద్దు మేమున్నన్నాళ్ళూ చూడలేదు.

ఒక బీరువాతో మొదలుపెడదాం

1935లో, అమెరికా ఆకలి కాలంలో, లాస్ ఏంజిలెస్ నగరంలో ఒక చవక సరుకుల దుకాణం నిర్వాహకుడు పిల్లలు సరుకు దొంగిలిస్తున్నారని గమనించాడు. విచారిస్తే వాళ్ళు బొమ్మలు చేసుకోవడానికి తీసుకుంటున్నారని తేలింది. పోలీసు కేసుతో ఆ కథ ముగియలేదు. పుస్తకాల లైబ్రరీలాగే బొమ్మలు అరువిచ్చే కేంద్రం మొదలైంది. పిల్లలు బొమ్మ తీసుకెళ్ళి, ఆడుకుని, తిరిగి తెచ్చి ఇస్తారు. ఆ పథకం ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగింది.

మన హాస్టల్‌కు కావలసింది అదే. గది దొరకకపోతే స్టడీ హాల్ మూలన ఒక బీరువా చాలు. ఒక రిజిస్టర్. ఎవరు ఏ బొమ్మ తీసుకున్నారో మూడో తరగతి పిల్లవాడే తన చేత్తో పేరు రాసుకోవాలి. తాళం చెవి వార్డెన్ సార్ దగ్గర కాకుండా పదో తరగతి అన్నల దగ్గర ఉండాలి. బీరువాలో క్యారమ్ బోర్డు, చదరంగం, వైకుంఠపాళి, ఇళ్ళు కట్టే చెక్క ముక్కలు, కార్లు, బంతులు, కుట్టిన గుడ్డ బొమ్మలు ఉండాలి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు తేలికపాటి పొనికి చెక్కవి, చూడ్డానికి అందం, ఆడితే విరుగుతాయి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క పూసే బొంగరాలు, గిలకలు పిల్లల ఆటకు ఆగుతాయి. వాటిని కొంటే ఆ కళాకారుల పొయ్యి కూడా వెలుగుతుంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు మా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి శాలువాలు, పూలదండలు వద్దు. ఒక్కొక్కరు ఒక్క బొమ్మ తీసుకురండి. మీ పిల్లలు ఆడి పెట్టినదైనా ఫరవాలేదు, కానీ చక్రాలన్నీ ఉన్నది తెండి. విరిగినవి అందుకోవడం మన పిల్లలకు కొత్త కాదు, కాబట్టి అదే మనం మళ్ళీ ఇవ్వకూడదు.

"ముందు బాత్‌రూములు బాగుపడాలి, తర్వాత బొమ్మలు" అని కొందరు మిత్రులు అంటున్నారు. బాత్‌రూములు బాగుపడాలి, దానికోసం వినతిపత్రాలు ఇద్దాం, ధర్నాకైనా కూర్చుందాం. అది సర్కారు బాధ్యత, దాన్ని మనం నెత్తిన వేసుకోనక్కర్లేదు. కానీ ఎనిమిదేళ్ళ వయసు బిల్లు పాసయ్యేదాకా ఆగదు. ఈ ఏడు చేరిన తమ్ముడు నాలుగేళ్ళలో మీసాల గురించి ఆలోచిస్తాడు. అప్పుడు కొని ఇచ్చిన కారు వాడికి అక్కర్లేదు.

జూబ్లీహిల్స్‌లో మూతపడిన దుకాణాన్ని మనం తెరిపించలేం. దాని జ్ఞాపకం ఉన్నవాళ్ళు దాన్ని దాచుకోనీ. మన బీరువా తలుపు మాత్రం మన చేతిలో ఉంది. వచ్చే జూన్‌లో ట్రంకు పెట్టె మోసుకుని గేటు దగ్గర దిగే పిల్లవాడు, అమ్మ వెళ్ళిపోయాక ఏడుపు ఆపుకుంటూ నిలబడతాడు కదా, వాడి చేతిలో పెట్టడానికి ఒకటుండాలి.