స్కాను ఫిల్ముతోపాటు డిస్కూ ఇవ్వాలి

తాటిచెట్టు మీద నుంచి పడి దవడ విరిగిన మనిషికి పట్నంలో సి.టి. స్కాను తీస్తారు. గేదెను అమ్మి కట్టిన డబ్బుకు ఇంటికి వచ్చేది ఒక పెద్ద కవరు, అందులో నల్ల ఫిల్ములు. ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి ఎంతసేపు చూసినా ఇంటివాళ్లకు బోధపడేది తక్కువ. అదే స్కాను నుంచి ఆ మనిషి దవడను ప్లాస్టిక్ బొమ్మగా చేసి చేతిలో పెట్టే విద్య ఇప్పుడు ఉంది.

దోసకాయను చక్రాలుగా తరిగినట్లు స్కాను యంత్రం శరీరాన్ని వందల పొరలుగా చూస్తుంది. ఆ పొరలన్నీ డైకామ్ అనే రూపంలో కంప్యూటరులో ఉంటాయి. వాటిని తిరిగి పేర్చి, ఎముకను మాత్రం విడదీసి, త్రీడీ ప్రింటరుకు ఇస్తారు. ప్రింటరు పని జంతికల గొట్టం పని వంటిదే. కరిగిన ప్లాస్టిక్ సన్నని తీగలా పొర మీద పొర పడుతుంది. అయితే ఫిల్ము మీద ఉండేవి ఏరి ముద్రించిన చిత్రాలే. వాటితో బొమ్మ కాదు, డిస్కు కావాలి.

బొమ్మతో లాభమేమిటని అడగవచ్చు. దవడకు వేసే లోహపు పట్టీని డాక్టరు ముందుగానే బొమ్మ మీద వంచి సరిచూసుకుంటారు. ఆపరేషను బల్ల మీద ఆ పని తప్పుతుంది, రోగి మత్తులో ఉండే సమయం తగ్గుతుంది. ఎక్కడ కోస్తారో ఇంటివాళ్లు చేత్తో తడిమి తెలుసుకుంటారు. వేలిముద్ర వేసి కొడుకును ఆపరేషనుకు అప్పగించే తల్లికి ఇది చిన్న సంగతి కాదు.

అమెరికాలో స్టీవెన్ కీటింగ్ అనే విద్యార్థికి 2014లో మెదడు నుంచి టెన్నిస్ బంతి అంత గడ్డ తీశారు. ఆయన తన స్కానులు తీసుకుని ఆ గడ్డ నమూనాను ముద్రించుకున్నాడు. రోగి వివరాలు రోగి చేతికి రావాలని ఊరూరా చెప్పాడు. 2019లో మరణించాడు. అది డబ్బున్న దేశం అంటారేమో! బ్రెజిల్‌లో ప్రభుత్వ సంస్థే సర్కారు ఆసుపత్రుల కోసం 2001లో ఇన్‌వెసాలియస్ అనే సాఫ్టువేరు తయారీ మొదలుపెట్టింది. దాన్ని నేడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

సాఫ్టువేరు ఉచితమే గాని అనుభవమున్న కన్ను కావాలి. కంటిగుంట అడుగు ఎముక కాగితమంత పలుచన. విడదీసేటప్పుడు కొలత కాస్త జరిగితే ఉన్న ఎముక లేనట్లు బొమ్మలో చిల్లి పడుతుంది. కనుక జబ్బు ఏదో చెప్పవలసింది డాక్టరే, బొమ్మ కాదు. బొమ్మ కోసమని మళ్లీ సి.టి. తీయించుకోనూ వద్దు. ఆ కిరణాలు అవసరం లేకుండా ఒంటికి తగలరాదు.

స్కాను రోజునే సన్న పొరలతో డిస్కు అడగండి. మిల్లీమీటరు పొరలయితే మేలు. అయిదు మిల్లీమీటర్లవయితే బొమ్మ మెట్లు మెట్లుగా వస్తుంది. సన్న పొరలను కొన్నిచోట్ల కొన్నాళ్లకు చెరిపేస్తారు కూడా. డిస్కులో పేరు, వయసు ఉంటాయి గనుక కనబడినవారికల్లా ఇవ్వకండి.

అడిగిన 72 గంటల్లో రోగికి రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. అసలు అడిగేదాకా ఎందుకు? స్కాను తీసే ప్రతి ఆసుపత్రిలోనూ ఫిల్ముతోపాటు డిస్కు ఇచ్చేలా జిల్లా అధికారులు ఉత్తర్వు వేయాలి. ప్రభుత్వ వైద్య కళాశాలలో ఒక ప్రింటరు, దాని మీద పని తెలిసిన ఒక మనిషి ఉంటే జిల్లా మొత్తానికి మొదలుపెట్టవచ్చు.