విషాద గీతాల వరసలో ఆఖరి పాట

చిట్టితల్లీ,

క్రిస్మస్ సెలవులకి డాలస్‌లోనే ఉండిపోతున్నావనీ, చలికి బయటికి వెళ్లబుద్ధి కాక పాత తెలుగు విషాద గీతాలన్నీ ఏరి ప్లేలిస్ట్ కట్టుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఈ వయసులో దానికి ఏడుపు పాటలేమిటని తను బెంగపడుతోంది. నాకైతే ముచ్చటేసింది. మనసు బాగోనప్పుడు బాధ పాట వినాలనిపించడం జబ్బేమీ కాదమ్మా. నీ ఈడు పిల్లలు చాలామంది ఇదే పని చేస్తున్నారట కాబట్టి, వాళ్లూ చదువుకుంటారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ‘దేవదాసు’ (1953) పెట్టుకో. సముద్రాల మాట, ఘంటసాల గొంతు, సి.ఆర్. సుబ్బరామన్ బాణీ. ఆ సినిమా విడుదలయ్యేనాటికి సుబ్బరామన్ లేడు. 1952లో, ముప్పై నిండకుండానే పోయాడు. ఆ సంగతి తెలిశాక మరోసారి విను, తాగినవాడు చెప్పే వేదాంతం ఇంకోలా వినిపిస్తుంది. ఆ తర్వాత ‘మూగమనసులు’ (1964). ఆత్రేయ అందులో గోదారి మీద పడవ నడిపేవాడి నోట ఎంత చిన్న మాటలు పెట్టాడో గమనించు. ‘మేఘసందేశం’ (1982) ఎలాగూ ఉంటుందిలే. రమేష్ నాయుడు సంగీతానికీ, ఏసుదాసు, సుశీల గాత్రానికీ జాతీయ అవార్డులొచ్చాయి. అందులో పాటలు రాసిన కృష్ణశాస్త్రిగారు ఆ సినిమా రాకముందే, 1980లో వెళ్లిపోయారు. అంతకు చాలా ఏళ్ల ముందే జబ్బు చేసి మాట పోతే, చెప్పాల్సిందంతా కాగితం మీద రాసి చూపించేవారు. వీటి మధ్య ఒక రామదాసు కీర్తన కూడా పెట్టుకో తల్లీ. గోల్కొండ చెరసాలలో ఉన్న మనిషి నేరుగా రాముడితోనే తగువు పెట్టుకున్నాడు. బాధ చెప్పుకోడానికి ఎదురుగా ఒకరుంటే ఆ పాట తీరే వేరు.

మా రోజుల్లో రేడియో వేసిన పాటే మేం వినాలి. సిలోన్ నుంచి అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గొంతు వినబడితే చేతిలో పని ఆపేసేవాళ్లం. సినిమా పేరూ, రాసినవారి పేరూ, పాడినవారి పేరూ చెప్పాకే పాట వచ్చేది కాబట్టి ఆ బాధ ఎవరి కలంలోంచి వచ్చిందో తెలిసేది. విజయవాడ కేంద్రంలో అయితే ఘంటసాల ఇలా ముగించగానే అలా వార్తలో, పాడిపంటలో మొదలయ్యేవి. కళ్లు తుడుచుకుని లేచి గేదెకి కుడితి పెట్టక తప్పేది కాదు. పైగా రేడియో వసారాలో ఉండేది. నువ్వు దిగులుగా ఉన్నావని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది, ఎవరో ఒకరు కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చునేవారు. ఇప్పుడు నీ ఫోనుకి ఒక్క ఏడుపు పాట నచ్చిందని తెలిస్తే చాలు, తెల్లవార్లూ అలాంటివే తెచ్చి పోస్తుంది. ఇక చాల్లే అనడం దానికి చేతకాదు. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంటే నువ్వేం వింటున్నావో గదిలో ఉన్నవాళ్లకే తెలీదు. అవి ముచ్చటపడి కొనిపెట్టింది నేనే కాబట్టి నిన్నేమీ అనలేను.

అందుకని ఒక్క మాట. మన కచేరీల్లో ముఖారి, శుభపంతువరాళి లాంటి బరువైన రాగాలు మధ్యలో ఎంతసేపైనా పాడతారు గానీ అక్కడే ఆపి లేచిపోరు. చివర మధ్యమావతి అందుకుని, మంగళం పాడి ముగించడం ఆనవాయితీ. విన్నవాళ్లు తేలికపడ్డ మనసుతో ఇంటికెళ్లాలి కదా! నీ వరసకీ అలాంటి ముగింపు ఒకటి పెట్టుకో బంగారూ. ఏడిపించే పాటలు పది ఉన్నా ఇరవై ఉన్నా ఫర్వాలేదు. ఆఖరిది మాత్రం నిన్ను కుర్చీలోంచి లేపేదై ఉండాలి. నా ఓటు ‘మాయాబజార్’ (1957)లో మాధవపెద్ది సత్యం పాడిన ఘటోత్కచుడి భోజనం పాటకి. అది అయ్యేసరికి ఎవరికైనా ఆకలేస్తుంది. లేచి ఇంత అన్నం వండుకుని, మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి కలుపుకుని తిను.

ఎప్పుడైనా ఆఖరి పాట దాకా వెళ్లబుద్ధి కాకపోతే మాత్రం నాకు ఫోన్ చెయ్యి. నీకు అర్ధరాత్రైనా మాకు పట్టపగలే, మొహమాటపడకు. ఇద్దరం కలిసే విందాం. చల్లగా, హాయిగా ఉండు తల్లీ. నీ తోటి పిల్లలందరికీ నా దీవెనలు చెప్పు.

ఇట్లు,
నీ తాతయ్య