దైవసేవలో సామాన్యుని నాయకత్వం

నాయకుడనగానే మన మనోనేత్రం ముందు వేదిక, పూలదండ, మైకు కనిపిస్తాయి. ధర్మానికి సంబంధించిన నాయకత్వమంటే గొప్ప పండితుడో, ధనికుడైన ముతవల్లీయో, పేరున్న వంశంలో పుట్టినవాడో స్ఫురిస్తాడు. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి కష్టార్జితంతో చదువుకునే విద్యార్థి “ఇది మనవంటి వారి పని కాదు” అని పక్కకు తప్పుకొంటాడు. పైకి ఇది వినయంగా కనిపిస్తుంది. కాని నిజానికి బాధ్యత నుండి పారిపోవడమేనని నా అభిప్రాయం.

ఇస్లాం ఈ విషయంలో ఏమి చెబుతున్నదో చూద్దాం. ప్రతి మనిషీ ఒక కాపరియేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతివాడూ జవాబు చెప్పుకోవలసినవాడేననీ మహమ్మదు ప్రవక్త (స) బోధించారు. ఆ బోధలో పాలకుని పేరుతో పాటు గృహస్థుని పేరు, గృహిణి పేరు, చివరకు యజమాని సొత్తును కాపాడే సేవకుని పేరు కూడ ఉన్నది. సేవకుడు సైతం కాపరియే అయినప్పుడు ఇక “నేను సామాన్యుణ్ణి” అనే సాకుకు చోటెక్కడ?

ప్రవక్త కాలంలో మదీనా మసీదును ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె పేరు ఉమ్మె మెహ్జన్ అని కొన్ని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. ఆమె ఒక రాత్రి మరణించింది. ఇంతటి చిన్న విషయానికి ప్రవక్తను శ్రమపెట్టడమెందుకని తలచి, సహచరులు తామే ఖననం చేశారు. ఆమె కానరాకపోవడంతో ప్రవక్త (స) ఆమెను గురించి అడిగారు. సంగతి తెలిసి, తనకెందుకు తెలియజేయలేదని ప్రశ్నించారు. ఆమె సమాధి ఎక్కడో చూపించమని అడిగి, అక్కడికి వెళ్ళి ప్రార్థన చేశారు. ఆ స్త్రీ ఉపన్యాసమిచ్చినట్లు ఎక్కడా లేదు. పదవి ఏదీ చేపట్టలేదు. చెత్త కనిపించినచోట చీపురు పట్టింది, అంతే. ఆమె లేని లోటును మొదట గుర్తించినవారు దైవప్రవక్త! మనలో ఎందరు లేకపోతే మసీదుకుగాని, వీధికిగాని, కళాశాలకుగాని లోటు తెలుస్తుంది? ఈ ప్రశ్నను ప్రతి విద్యార్థీ తనకు తాను వేసుకోవాలి.

సేవకు మనసుంటే చాలదు, నేర్పు కూడ కావాలి. ఇందుకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ జీవితం మన వయసువారికి గొప్ప ఉదాహరణ. ఆయన మదీనాకు చెందిన అనాథ బాలుడు. 622లో ప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు ఆయనకు సుమారు పదకొండేళ్ళు. 624లో బద్ర్ యుద్ధానికి వెళ్ళగోరితే చిన్నవాడవని వెనుకకు పంపారు. కత్తి పట్టే అవకాశం దొరకలేదని ఆయన నిరాశపడి కూర్చోలేదు, కలం పట్టాడు. యూదుల లిపి నేర్చుకొమ్మని ప్రవక్త (స) ఆదేశించగా సుమారు పక్షం రోజులలో నేర్చుకొని ఉత్తరప్రత్యుత్తరాల భారం వహించాడు. తరువాత యమామా యుద్ధంలో ఖురాను కంఠస్థులు అనేకులు మరణించగా, దైవగ్రంథాన్ని ఒకచోట సమకూర్చే బాధ్యతను మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ ఈ యువకునికే అప్పగించారు. పర్వతాన్ని కదిలించమన్నా తనకు అంత బరువుగా తోచేది కాదని ఆయన చెప్పుకొన్నాడు. అయినా ఆ పని నెరవేర్చాడు. నాడు యుద్ధభూమి నుండి తిప్పి పంపబడిన ఆ బాలునికి యావత్ ముస్లిం ప్రపంచం నేటికీ ఋణపడి ఉన్నది.

ఇక పదవుల విషయం. పదవిని కోరి అడగవద్దనీ, అడిగి పొందినవాడు దాని భారానికే వదిలివేయబడతాడనీ, అడగకుండా లభించినవానికి దైవసహాయం తోడ్పడుతుందనీ ప్రవక్త (స) ఒక సహచరునికి ఉపదేశించారు. అయితే యూసుఫ్ ప్రవక్త తనను ధాన్యాగారాలపై నియమించమని ఈజిప్టు రాజును స్వయంగా కోరలేదా అని కొందరు అడుగవచ్చు. నిజమే, కోరారు. కాని కరువు రానున్నదని ఆయనకు తెలుసు. కాపాడే నేర్పు, నిజాయితీ తనకున్నవనీ తెలుసు. ప్రజల ఆకలిని చూచి ముందుకు రావడం వేరు, కుర్చీని చూచి ముందుకు రావడం వేరు.

పదవిని స్వీకరించడం కంటె విడిచిపెట్టడం కష్టమైన పరీక్ష. 634లో ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్, మహాసేనాని ఖాలిద్ బిన్ వలీద్‌ను సిరియా సర్వసేనాధిపత్యం నుండి తొలగించి ఆ స్థానంలో హజ్రత్ అబూ ఉబైదాను నియమించారు. ఖాలిద్ అలిగి ఇంటికి పోలేదు, అబూ ఉబైదా కింద యుద్ధం కొనసాగించారు. కార్యదర్శి పదవి దక్కలేదని మీలాద్ సభకే రాకుండా పోయేవారు మన సంఘాలలో కనిపిస్తూనే ఉన్నారు. అట్టివారు ఇంతకాలం సేవించినది దేవునినా, పదవినా?

మన ప్రాంతంలోనూ ఇట్టి ఆదర్శాలు లేకపోలేదు. కర్నూలుకు చెందిన అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఆ పట్టణంలో ఉస్మానియా కళాశాల స్థాపనకు మూలపురుషులైనారు. మద్రాసులో ఉన్నతమైన విద్యాపదవులు నిర్వహిస్తూనే, స్వస్థలంలోని పేద పిల్లలకు ఉన్నత విద్య అందాలని పాటుపడ్డారు. లోటును చూచి విచారించేవారు వేలమంది ఉంటారు. దానిని పూరించడానికి లేచి నిలబడేవాడే నాయకుడు. అయినా ఏ కళాశాల గోడలూ ఒక్కరి చేతితో లేవవు. పేరు తెలియని ఎందరో సామాన్యులు ఇచ్చిన రూపాయలు, చేసిన శ్రమ ప్రతి ఇటుకలోనూ ఉంటాయి.

సోదర సోదరీ విద్యార్థులారా! మనకు ఇతరులకు లేని ఒక భాగ్యమున్నది. ఉర్దూ, తెలుగు రెండూ మన ప్రాంగణంలో కలిసి మెలసి ఉన్నాయి. మన వాడలలో ఉర్దూ తప్ప తెలుగు చదవలేని వృద్ధులు ఉన్నారు. పింఛను దరఖాస్తు, భూమి పత్రం, ఆసుపత్రి చీటీ వారి చేతిలో మూగవై ఉంటాయి. అటు ఉర్దూ లిపి రాక పెద్దల ఉత్తరాలను చదువుకోలేని యువకులూ ఉన్నారు. రెండు భాషలు తెలిసిన విద్యార్థులు శుక్రవారం నమాజు తరువాత ఒక గంటసేపు మసీదు వసారాలో కూర్చుంటే చాలు, ఎందరి ఇక్కట్లో తీరుతాయి. విధవరాలి దరఖాస్తును తప్పులు లేకుండా వ్రాసిపెట్టడం జైద్ బిన్ సాబిత్ మార్గంలో ఒక అడుగే. ఆమె ఏ మతస్థురాలని అడగనవసరం లేదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడ ఒక మనవి. విద్యార్థులను సభలలో కుర్చీలు వేయడానికి మాత్రమే పిలువకండి. పేద విద్యార్థుల పుస్తక నిధిని వారికి అప్పగించి, జమాఖర్చులను ప్రతి నెలా ప్రకటన పలకపై అంటించమనండి. ఏటేటా బాధ్యులను మార్చండి. పొరపాట్లు జరుగవచ్చు, సరిదిద్దడానికి మీరున్నారు. పది రూపాయల లెక్కను నేడు దైవభీతితో వ్రాయడం నేర్చినవాడే రేపు వక్ఫు ఆస్తులను అమానతుగా కాపాడగలడు. నేడు నమ్మని చేతులకు రేపు సమాజాన్ని అప్పగించడమెట్లు?

ఇస్రాయీలు సంతతివారిలో మార్గదర్శకులు ఎట్లా ఏర్పడినారో ఖురాను 32వ అధ్యాయం తెలుపుతున్నది. సహనం వహించి, దైవసూచనలను దృఢంగా నమ్మినప్పుడు వారికి ఆ స్థానం లభించింది. అక్కడ వంశం ప్రసక్తి లేదు, ధనం ప్రసక్తి లేదు. సహనం, విశ్వాసం రెండూ బజారులో కొనేవి కావు గనుక పేదవానికీ అందుబాటులోనే ఉన్నాయి. నాయకుడెవరా అని నలుదిక్కులా వెదకడం మాని, మన ఎదుట ఎవరూ ముట్టకుండా పడి ఉన్న పనిని చేతికి తీసుకొందాం. మిగిలినది అల్లాహ్ చిత్తం.