మాహిష్మతికి ఎన్ని మార్కులు?

ఊహాలోకపు రాజ్యాలకు ప్రజాస్వామ్యం మార్కులు వేయడం పనిలేనివాళ్ల కాలక్షేపంలా కనిపిస్తుంది. కానీ కొలబద్ద సంగతి తేలేది అక్కడే. నిజమైన దేశాన్ని కొలిచేటప్పుడు మన పార్టీ, మన నాయకుడు అడ్డొస్తారు. 'బాహుబలి' సినిమాలోని మాహిష్మతి విషయంలో ఆ బెడద లేదు. అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ సంస్థ 100 మార్కుల్లో 40 రాజకీయ హక్కులకు, 60 పౌర స్వేచ్ఛలకు కేటాయిస్తుంది. పాలకులను ప్రజలు స్వేచ్ఛగా ఎన్నుకున్నారా అన్నదే అందులో మొదటి అంశం. 'బాహుబలి' రెండో భాగంలో పట్టాభిషేక సభ గుర్తుందా? భల్లాలదేవుడు రాజుగా ప్రమాణం చేస్తే పెద్దగా స్పందించని జనం, బాహుబలి సేనాధిపతిగా ప్రమాణం చేయగానే నేల అదిరేలా జేజేలు కొడతారు. అయినా సింహాసనం మీది మనిషి మారడు. జనాభిమానం ఎంత పొంగినా దానికి అధికారం లేదు కాబట్టి, రాజమాత ఎంత ధర్మాత్మురాలైనా, రాజకీయ హక్కుల్లో మాహిష్మతికి వచ్చేది సున్నాయే.

ఇదే ప్రశ్న సూరత్‌లో వేసి చూద్దాం. ఆల్థాన్, మన పద్మశాలీలు ఎక్కువగా ఉండే లింబాయత్ ఈ నగరంలోవే అయినా లోక్‌సభకు నవ్‌సారీ కిందికి వస్తాయి. అక్కడ 2024 మే 7న పోలింగ్ జరిగింది. అదే నగరంలో సూరత్ లోక్‌సభ స్థానం కిందికొచ్చే వరాఛా, కతార్‌గామ్ ఓటర్లకు మాత్రం పోలింగ్ బూతే లేదు. సంతకాలు తమవి కావని ప్రతిపాదకులు చెప్పడంతో ఏప్రిల్ 21న కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ చెల్లలేదు, డమ్మీ అభ్యర్థిదీ చెల్లలేదు. మర్నాటికల్లా మిగిలిన ఎనిమిది మందీ తప్పుకున్నారు. బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవమయ్యారు. 16 లక్షలకు పైగా ఓటర్లున్న స్థానం అది.

'1989 నుంచీ అక్కడ గెలుస్తున్నది బీజేపీయే, పోలింగ్ పెట్టినా ఫలితం అదే కదా' అనేవాళ్లున్నారు. ఫలితం అదే అయి ఉండవచ్చు. నవ్‌సారీలోనూ గెలుపు ముందే ఖాయం, సి.ఆర్.పాటిల్ 7.7 లక్షలకు పైగా మెజారిటీతో నెగ్గారు. కానీ అక్కడ కాంగ్రెస్‌కు పడిన రెండున్నర లక్షలకు పైగా ఓట్లు కూడా లెక్కకెక్కాయి. కాదన్నవాళ్లు ఇంతమంది అని రాసి ఉంది. సూరత్‌లో ఆ కాగితమే లేదు. ఎలాగూ గెలిచేవాడే అన్న వాదన ఒప్పుకుంటే మాహిష్మతి సభలోని జేజేలనూ ఓట్లుగా లెక్కేయాలి.

చట్టప్రకారమే జరిగిందన్న మాటకు బలముంది. ఒక్కరే మిగిలితే వెంటనే గెలిచినట్టు ప్రకటించాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2) సెక్షన్ చెబుతోంది. అది రాసిన రోజుల్లో నోటా లేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చాక, ఎవరూ వద్దనడం కూడా ఓటరు హక్కే అయింది. పోటీ లేదని ఆ హక్కు ఎలా పోతుంది? ఏకగ్రీవాన్ని ఐకమత్యంగా చూసే అలవాటు మనకూ ఉంది. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవ గ్రామాలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా నజరానా ప్రకటించింది. ఊరంతా నిజంగా ఒక్క మాట మీద ఉంటే పోలింగ్ పెట్టినా ఆ మాటే బయటికొస్తుంది. లేనప్పుడు, నామినేషన్ వేయకుండా ఎవరిని ఎలా ఆపారో డబ్బుతో కప్పేసినట్టవుతుంది.

ఒక్కరే మిగిలితే పోలింగ్ దేనికి అనేవాళ్లకు హర్యానాను చూపించాలి. 2018లో అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం మున్సిపల్ ఎన్నికల్లో నోటాను కల్పిత అభ్యర్థిగా లెక్కించాలనీ, దానికే ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలనీ ఆదేశించింది. 53(2)ను పార్లమెంటు సవరించి, ఒక్కరే మిగిలినచోట ఆ కల్పిత అభ్యర్థినే ఎదురు నిలబెట్టాలి. అప్పుడు కతార్‌గామ్ ఓటరుకూ ఆల్థాన్ ఓటరులాగే వేలికి సిరా అంటుతుంది.