వార్డెన్ సంతకం చాలదు

జూన్ రాగానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి తల్లిదండ్రులు పిల్లలను గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో దింపి వస్తారు. పెట్టె, దుప్పటి, సబ్బులతోపాటు బిడ్డకు ఏ సూది వేయాలో నిర్ణయించే హక్కు కూడా వార్డెన్‌కు అప్పగించినట్టేనా?

పక్కనున్న ఖమ్మం జిల్లాలో 2009లో అలాగే జరిగింది. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేయించాయి. నలుగురు బాలికలు చనిపోయారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. అయితే 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం బయటపెట్టిన లెక్క చూడండి: 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితం ఎవరైనా చదివి వినిపించారా?

టీకా మీద నాకు అనుమానం లేదు, మన ఆడపిల్లలకు వేయించమనే చెబుతాను. నా అభ్యంతరం సంతకం గురించే. ఔషధ ప్రయోగాలలో 18 ఏళ్ల లోపు వారి తరఫున తల్లిదండ్రులో, చట్టబద్ధ సంరక్షకులో అంగీకరించాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అర్ధరాత్రి పిల్లకు ఫిట్స్ వస్తే వార్డెన్ ఎవరి సంతకం కోసమూ ఆగకూడదు. ముందే తేదీ పెట్టుకున్న సూదికి ఆ తొందర లేదు.

మన సంఘాలు నడిపే హాస్టళ్ల ప్రవేశ పత్రాలు కూడా ఒకసారి తీసి చూడండి. "ఏ వైద్యానికైనా సమ్మతమే" అన్న వాక్యం ఉంటే, ఈ జూన్‌కు ముందే తీసేయండి.