నమస్కారం సరే, నమ్మకం మాటేమిటి?

విశాఖపట్నం రైల్వే స్టేషన్‌లో 2026 జనవరిలో ఒక మరమనిషి కొలువులో చేరింది. రైల్వే రక్షక దళం దానికి 'అర్జున్' అని పేరు పెట్టింది. ప్రయాణికులకు అది నమస్కారం చేస్తుంది. దళం సిబ్బందికి సెల్యూట్ కొడుతుంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ప్రకటనలు వినిపిస్తుంది. రద్దీని గమనించడం, పొగను, మంటను పసిగట్టడం, కెమేరాతో ముఖాలు పోల్చడం దాని విధులు. ఇది విశాఖలోనే తయారు కావడం మనకు గర్వకారణం.

అయితే అసలు ప్రశ్న వేరే ఉన్నది. ద్వారకానగర్‌లో బస్సు దిగి, బ్యాంకు పనో ఆస్పత్రి పనో చూసుకొని, స్టేషన్‌కు చేరే పల్లెవాసులు నిత్యం ఎందరో. కొత్తచోట కాకీ బట్టలు చూసి దారి అడగడం వారికి అలవాటు. చేతులు జోడించే యంత్రాన్ని కూడా పోలీసుగానే భావించడం సహజం. బిడ్డ తప్పిపోయిన తల్లి దాని ఎదుట మొర పెట్టుకుంటే? ఆ మొర అందవలసిన వారికి అందుతుందో లేదో యంత్రం వాలకం చూసి తెలిసేది కాదు.

మనిషి పోలిక పెరిగేకొద్దీ యంత్రంపై మక్కువ పెరుగుతుందనీ, అచ్చం మనిషిలా ఉండి ఎక్కడో తేడా కనిపిస్తే వెగటు పుడుతుందనీ జపాన్ శాస్త్రజ్ఞుడు మసహిరో మోరి 1970లోనే చెప్పారు. వెగటు కంటే గుడ్డినమ్మకమే ఎక్కువ ప్రమాదం. అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు 2016లో వెల్లడించిన ప్రయోగం ఇందుకు నిదర్శనం. అంతకు ముందే దారి తప్పించిన యంత్రాన్ని, పొగ కమ్ముకోగానే జనం మళ్ళీ నమ్మి వెంట నడిచారు. దానికి మనిషి ముఖమైనా లేదు; ఆపదలో దారి చూపే యంత్రమని రాసి ఉన్నది, అంతే. రాతకే అంత విలువ ఇచ్చే జనం నమస్కారానికి ఎంత ఇస్తారో అధికారులు ఆలోచించాలి.

తెల్లనివన్నీ పాలు కావని జనానికి చెప్పవలసిన బాధ్యత యంత్రాన్ని నిలబెట్టిన వారిదే. అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో పెద్ద తెలుగు అక్షరాలతో, చదువురాని వారికి బొమ్మలతో పక్కనే బోర్డు పెట్టాలి. చేరువలో ఒక జవాను తప్పక ఉండాలి. తీసిన ముఖచిత్రాలను ఎంతకాలం ఉంచుతారో బహిరంగంగా ప్రకటించాలి. ప్రయాణికులు కూడా ఆపద వేళ యంత్రం ముందు ఆగిపోక సిబ్బందిని పిలవాలి. 139 నంబరుకు ఫోను చేయాలి.

యంత్రం రావడం మంచిదే. అది మనిషికి తోడుగా ఉండాలి గాని, మనిషి లేని లోటును కప్పిపుచ్చే ముసుగు కారాదు.