కుక్కకు ఇల్లు వెదకడం వేరు, కుక్కను వదిలించుకోవడం వేరు



వీధిలో దొరికిన కుక్కను చేరదీసి, గాయాలు మాన్పి, కొన్ని వారాలు సాకి, ఆపైన మొదట అడిగినవారి చేతిలో పెట్టి, దానికే జీవకారుణ్యమని పేరు పెట్టుకొనే అలవాటు మన నగరాలలో ప్రబలింది. ఉచితంగా ఇస్తున్నాము గనుక ప్రశ్నలు వేయరాదట! ఈ వాదాన్ని నేను అంగీకరించను. రక్తదానమూ ఉచితమే. అయినా గ్రూపు సరిచూడకుండా ఏ వైద్యుడూ రోగికి రక్తం ఎక్కించడు. దాత మనస్సు ఎంత మంచిదైనా సరిపడని రక్తం ప్రాణం తీస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఆరేళ్ల బాలుణ్ణి చెంపపై కుక్కకాటుతో నా దగ్గరకు తీసుకువచ్చారు. కరిచినది ఆ ఇంటికి వచ్చి వారమైన కుక్క. తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరకు వెళితే మీదికి దూకే గుణం దానికి ముందునుంచీ ఉన్నది. ఇచ్చినవారికి ఆ సంగతి తెలుసు. చెబితే ఎవరూ తీసుకోరని దాచారు. ముఖం మీది కాటు గనుక టీకాతో పాటు గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వవలసివచ్చింది. కుక్కను పది రోజులు గమనించమని చెప్పబోతే, తండ్రి అప్పటికే దానిని ఊరి బయట వదిలివచ్చాడు. దానికి టీకా వేశారో లేదో తెలిపే కాగితం ఎవరి దగ్గరా లేదు. బాలుడు కోలుకున్నాడు. కుక్క ఏమైనదో ఎవరికీ తెలియదు. ఇందులో తప్పు ఎవరిది? కుక్కదా?

రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు అసంభవం. మన దేశంలో ఆ వ్యాధి మనుషులకు సోకేది ప్రధానంగా కుక్కకాటు వలననే. కాబట్టి ఒక కుక్కను మరొకరి ఇంటికి పంపడం మీ సొంత వ్యవహారం కాదు. అది ప్రజారోగ్య విషయం. మూడు నెలల వయస్సులో తొలి రేబీస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువులలో బూస్టర్లు, నులిపురుగుల మందు, ఇవన్నీ తేదీలతో వ్రాసిన కార్డు లేనిదే కుక్క మీ గడప దాటరాదు. కుక్క కడుపులోని పురుగులు మట్టిలో ఆడుకొనే పిల్లలకు సోకుతాయని మరువకండి.

“ఇన్ని షరతులు పెడితే ఎవరు ముందుకు వస్తారు? వీధిలో చావడం కంటే ఏదో ఒక ఇల్లు నయం కదా!” అనేవారున్నారు. కాదు. వీధికుక్కకు సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడవాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. ఆ చోట దానికి తిండి పెట్టే చేయి తెలుసు, తలదాచుకొనే మూల తెలుసు. అక్కడినుండి తెచ్చి, సరిపడని ఇంటికి ఇచ్చి, వారు విసిగి పరాయి పేటలో వదిలితే అది ఉన్నదీ పోగొట్టుకొంటుంది. బెదిరిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. దత్తత తీసుకున్న కుక్క తిరిగి వీధిపాలు కాకుండా చూడవలసిన బాధ్యత దత్తత తీసుకున్నవారిదేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న స్పష్టం చేసింది. మామిడితోట కాపలాకని అడిగి, పగలూ రాత్రీ పొట్టి గొలుసుతో కట్టివేసేవారున్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. అటువంటి తోట “ఏదో ఒక ఇల్లు” అవుతుందా?

కాబట్టి అడగండి. మొహమాటం వద్దు. ఇంట్లోని పెద్దలందరూ ఒప్పుకున్నారా? అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ఉన్నదా? ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు, తూలి పడిపోయే వృద్ధులు ఉన్నారా? ఉంటే కుక్కను ఇవ్వరాదని కాదు. ఏ కుక్కను ఇవ్వాలో ఆలోచించాలి. సంక్రాంతికి ఊరు వెళితే దానిని ఎవరు చూస్తారు? జబ్బు చేస్తే ఖర్చు ఎవరు భరిస్తారు? ఒకసారి ఆ ఇంటికి స్వయంగా వెళ్లి చూడండి. కుక్క లోపాలను, అంతకుముందు కరిచిన సంగతిని దాచకుండా చెప్పండి. రెండు వారాలు చూసి, కుదరకపోతే వీధిలో వదలక మీకే తిరిగి అప్పగించేటట్లు మాట తీసుకోండి. తిరిగి తీసుకొనే ధైర్యం మీకు లేకపోతే, ఇచ్చే అర్హతా లేదు.

ఇదివరకే ఎవరికైనా కుక్కను ఇచ్చి ఉన్నారా? ఈ రోజే ఫోను చేసి, అది ఆ ఇంట్లోనే ఉన్నదా, చివరి రేబీస్ టీకా ఎప్పుడు వేయించారు అని అడగండి. జవాబు తడబడితే స్వయంగా వెళ్లి చూడండి.